తల చుట్టూ తిప్పిన నోటు

టిప్పు ఇచ్చే చేతిని నేను ఒక పట్టాన నమ్మను. ముందు ముఖం చూస్తాను, తర్వాత చెయ్యి చూస్తాను, ఆ తర్వాత వెనక ఎవరున్నారో చూస్తాను. అప్పుడు గానీ నోటు ముట్టను. పొగరు అన్నవాళ్లున్నారు. అననివ్వండి. జహీరాబాద్‌లో మొగుడు పోయిన ఆడమనిషి మోపెడ్ మీద ఇంటింటికీ అన్నం మోస్తే ఏమేం చూడాల్సి వస్తుందో వాళ్లకేం తెలుసు. ఇప్పుడు మీలాంటి ఆడపిల్లలు కూడా వీపున పెద్ద పెద్ద సంచులు వేసుకొని స్కూటర్ల మీద తిరుగుతున్నారు. మొన్న బస్టాండు దగ్గర ఒక పిల్ల నన్ను ఆపి అడిగింది. "పెద్దమ్మా, నువ్వు కూడా చేసినవట గదా ఈ పని. డెలివరీ ఛార్జి కట్టినంక మళ్ల టిప్పు ఇస్తే తీసుకోవాల్నా, వద్దా?" అని. ఎండలో నిలబడి చెప్పే సంగతి కాదది. అందుకే కూర్చొని చెబుతున్నాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. రాసేవాళ్లు రాస్తున్నారు, మీరు చదువుకోండి.

మాది కోహీర్ దగ్గరి పల్లె. మా ఆయన పోయినప్పుడు నాకు మిగిలింది ఆయన నడిపిన మోపెడ్, జొన్న రొట్టె చేసే చెయ్యి. ముందు ఆ చేతినే నమ్ముకొని బస్టాండు వెనక ఒక మెస్సులో రొట్టెల పొయ్యి ముందు కూర్చున్నాను. తర్వాత మా సేఠు రొట్టె, కూర స్టీలు క్యారియర్లలో పెట్టి ఇళ్లకు పంపడం మొదలుపెట్టాడు. పగటిపూట ఆడవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లు చాలా ఉంటాయి. మగమనిషి గంట కొడితే తలుపు తీయరు. గేటుకు తగిలించి పొమ్మంటారు, కుక్కలు లాగేస్తాయి, మర్నాడు ఆర్డరు ఉండదు. "అక్కా, నీకు బండి వస్తది గదా, జర నువ్వే పో" అన్నాడు సేఠు. అలా పొయ్యి ముందు నుంచి లేచాను. అడ్రసు రాసిన చీటీ నాకు దండగ. ఆకుపచ్చ గేటు, నీళ్ల ట్యాంకు పక్క, మేకలు కట్టేసిన ఇల్లు, ఇట్లా చెబితే చాలు, తప్పిపోయేదాన్ని కాదు.

ప్రతి బిల్లు మీద సేఠు ముప్పై రూపాయలు డెలివరీ ఛార్జి అని వేసేవాడు. ఆ ముప్పై ఎటు పోతుందో నాకు అంతుపట్టలేదు. అడిగితే "నీ జీతంలనే కలిసున్నదక్కా" అనేవాడు. ఛార్జి పెట్టకముందూ నాకు అదే జీతం, పెట్టాకా అదే జీతం. మరి ఎక్కడ కలిసిందో, ఏం కలిసిందో. ఇక గేటు దగ్గర వాళ్లేమో నేనే ఆ డబ్బంతా మింగుతున్నట్టు చూసేవాళ్లు.

"ఛార్జి ఏసిన్రు గదా, మళ్ల నీకేంది?" అన్నాడు ఒకాయన.

"నేనేం అడగలే సార్."

"అడగలే గని నిలబడ్డవ్ గదా."

"ఖాళీ క్యారియర్ కోసం నిలబడ్డ. ఇస్తే పోత."

మాతో పనిచేసే మగమనిషి ఇంకొకడుండేవాడు. ఆటో నడిపి నడిపి నడుము పోయి ఈ పనికి వచ్చాడు. నాతో మరిది వరస కలుపుకున్నాడు. అతని సూత్రం ఒక్కటే: ఛార్జి సేఠుది, టిప్పు మనది. చిల్లర ఇవ్వాల్సి వస్తే ఒక జేబు వెతికి, రెండో జేబు వెతికి, చొక్కా జేబులోంచి రూపాయి బిళ్ల తీసి మళ్లీ లోపల పెట్టి, అంతసేపూ నడుం పట్టుకొని మూలిగేవాడు. అన్నం చల్లారిపోతోందని ఇంటివాళ్లే "ఉంచుకో పో" అనేవాళ్లు. నేను మాత్రం ఆడవాళ్ల చేతి నుంచి, అదీ వాకిట్లో నలుగురూ చూస్తుండగా ఇస్తేనే తీసుకునేదాన్ని. నవ్వుతూ ఇచ్చే మగవాడి నోటు బంగారమైనా వద్దు. రెండోసారి ఆ నవ్వుకు ఖరీదు అడుగుతాడు. నా పద్ధతి చూసి మరిది ఎగతాళి చేసేవాడు. "ఏం వదినె, టిప్పు తీసుకుంటున్నవా, సంబంధం చూస్తున్నవా? ముఖం చూసుడు, ఇల్లు చూసుడు, ఇంక జాతకం కూడ అడుగు."

ఇక నాకు ఈ బుద్ధి నేర్పిన ఇంటి సంగతి. ఊరి చివర గేటూ, వాచ్‌మనూ పెట్టి కట్టిన కొత్త కాలనీలో ఉండేది. ఇంట్లో ఇద్దరే. నౌకరీ నుంచి దిగిపోయిన పెద్దమనిషి, ఆయన భార్య. ఆయనకు గుండె జబ్బు. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ పడుతుందన్నారట, అందాకా ఉప్పు ముట్టొద్దన్నారట. రోజూ మధ్యాహ్నం మెత్తటి జొన్న రొట్టె, ఉప్పు లేని పప్పు తీసుకుపోయేదాన్ని. ముసల్మానుల ఇల్లు కాబట్టి ఆమెను అక్కా అనకుండా వాళ్ల మాటలోనే ఆపా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను రొట్టెలమ్మా అనేది. మగవాళ్లు వస్తే తలుపు తీసేది కాదు కాబట్టి ఆ ఇల్లు నాకే రాసిపెట్టి ఉంది. ఆపా బిల్లు ఎంతైతే అంతే ఇచ్చేది. పైన ఒక్క రూపాయి లేదు, నవ్వు లేదు, ముచ్చట లేదు. నాకు ఊళ్లో అనుమానం లేని ఇల్లంటే అదొక్కటే.

అలాంటామె ఒక రోజు బిల్లుతో పాటు మడిచిన ఇరవై నోటు నా చేతిలో పెట్టింది. ఏందాపా అంటే, "తీస్కో, ఖుషీతోని ఇస్తున్న" అంది. ఖుషీ ముఖంలో ఎక్కడా లేదు. మర్నాడూ ఇచ్చింది. ఆ తర్వాతా ఇచ్చింది. ఇన్నాళ్లు లేనిది ఇప్పుడెందుకని నా బుర్ర తొలిచేస్తోంది. నాతో ఏదైనా పని చేయించుకోవాలని చూస్తోందా? ఎవరింటి సంగతులైనా మోయమంటుందా? మెస్సులో మాట ఎత్తితే, చెయ్యి కడుక్కుంటున్న మరిది ఆగి నన్ను ఎగాదిగా చూశాడు.

"మడిచి ఇస్తదా?"

"మడిచే ఇస్తది."

"గది టిప్పు గాదు వదినె, సద్కా. మనోళ్లు దిష్టి తీసెయ్యరా? గట్లనే వాళ్లు బీమారోళ్ల తల సుట్టు తిప్పి లేనోళ్లకు ఇస్తరు. ఆ బీమారి దాంతోని పోవాలని."

"పోతే ఎటు పోతది?"

"ఎటు పోతది మరి. తీసుకున్నోళ్లను అడగాలె."

అతని మాట నమ్మలేదు. కానీ మర్నాడు ఆపా ఇంటి గేటు దగ్గర బండి దూరంగానే ఆపి, చప్పుడు లేకుండా వాకిట్లోకి నడిచాను. కిటికీ తెర పక్కకు జరిగి ఉంది. ఆయన మంచం మీద ఆనుకొని కూర్చున్నాడు. ఆపా పెదవులు కదుపుతూ నోటును ఆయన తల చుట్టూ మెల్లగా తిప్పుతోంది. తర్వాత మడిచింది. నేను గంట కొట్టాను. ఆ నోటే వచ్చి నా చేతిలో పడింది. తీసుకొని వచ్చేశాను. బైపాస్ మలుపులో కంకర మీద బండి జారింది. పడ్డాను. మణికట్టు వాచింది, ఇంకో ఇంటికి పోవాల్సిన కూరంతా రోడ్డు పాలైంది.

"అయిపాయె" అన్నాడు మరిది, నా చేతికి గుడ్డ కడుతూ. "ఆయన గుండె నీ చేతికి దిగింది."

నేను అంత తెలివితక్కువదాన్ని కాదు, కంకర మీద ఎవరు పోయినా జారతారు. అయినా రాత్రంతా నొప్పి పెడుతుంటే ఆ తిరిగే నోటే కళ్ల ముందుంది. జబ్బు భయం సగమే. మిగతా సగం వేరే. ఆమె నన్ను అన్నం తెచ్చే మనిషిగా చూడలేదు, లేనిదాన్నిగా చూసింది. అది మింగుడుపడలేదు. మర్నాడు నోటు చాపగానే నేను చెయ్యి వెనక్కు పెట్టుకున్నాను.

"ఆయన తల సుట్టు తిప్పినవ్ ఆపా. నేను చూసిన."

ఆమె ముఖం పాలిపోయింది. "సద్కా మంచి పనే గదా. లేనోళ్లకిస్తే ఆయన మీది బలా, పీడ, దిగిపోతది."

"నేను లేనిదాన్నని నీకెవలు చెప్పిన్రు?"

"మొగడు లేడు, ఎండల బండి మీద తిరుగుతున్నవ్..."

"తిరిగితే కూలికి తిరుగుత. బిచ్చానికి రాలే."

"వేరేటోళ్ల దగ్గర తీసుకుంటవ్ గదా. నాదే చేదా?"

"వాళ్లిచ్చేది పనికి. నువ్విచ్చేది రోగానికి."

క్యారియర్ తీసుకొని వచ్చేశాను. మాట గట్టిగానే పడిందని నాకూ తెలుసు. మరుసటి రోజు పొద్దున నేను మెస్సులో అడుగుపెట్టే లోపలే ఆమె ఫోన్ వచ్చిందట. సేఠు గల్లా దగ్గర కూర్చొని నా కోసమే చూస్తున్నాడు.

"ఏందక్కా, ఆ ఆపాను ఏమన్నవ్? ఫోన్ల ఏడుస్తున్నది."

"పైసలు వద్దన్న."

"పైసలు వద్దన్నోళ్లను నా జిందగీల చూడలే."

"గవి రోగం పైసలు సేఠ్."

"పైసలకు రోగముంటదా? గల్లాల ఏస్తే అన్నీ ఒక్కటే." గల్లా మూత మీద ఒకసారి చరిచాడు. "మొగోన్ని పంపితే ఆమె తలుపు తియ్యది. నిన్ను పంపితే కొట్లాట పెట్టుకొని వస్తవ్. రోజూ వచ్చే ఆర్డరది. ఇయ్యాల పోయి చెయ్యి చాపు. ఆ ఆర్డరు పోయిందనుకో, రేపటి సంది నువ్వు కూడ రాకు."

మరిది వెనక నుంచి గొణిగాడు. "తీసుకో వదినె. తెచ్చి నాకియ్యి. నాకు రానికి ఇంక ఏ రోగం మిగల్లే."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆ పని పోతే మళ్లీ పొయ్యి దగ్గర చోటు లేదు, అక్కడ అప్పటికే ఝరాసంగం నుంచి వచ్చే ఆమె కూర్చుంది. బండిలో పెట్రోలు, ఇంటి కిరాయి, అన్నీ ఆ జీతంలోనే. చెయ్యి చాపితే పని ఉంటుంది. చాపితే రేపటి నుంచి ఆ గుమ్మం ముందు నేను రొట్టెలమ్మను కాదు, వేరే ఎవరినో. దారి పొడవునా ఇదే ఆలోచన.

ఆపా తలుపు తీసే ఉంచింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నోటు చేతిలోనే ఉంది.

"మీ సేఠ్ పంపిండా?"

"పంపిండు."

"తీసుకుంటవా మరి?"

నా చెయ్యి లేవలేదు. ఆమె గుమ్మం పట్టుకొని నిలబడింది.

"రేపు పొద్దుగాల హైదరాబాద్ తీస్కపోతున్నం. ఇయ్యాల ఇయ్యకుంట ఎట్ల తీస్కపోవాలె? పాత ఇంట్ల ఉన్నప్పుడు ప్రతి జుమ్మేరాత్, బేస్తారం నాడు, లోబాన్ పొగ పట్టుకొని ఫకీర్ వస్తుండె, అడుక్కునే ముసలామె వస్తుండె. ఈ కాలనీల వాచ్‌మన్ ఎవరినీ రానియ్యడు. పాలు కూడ గేటు కాడనే పెట్టి పోతరు. నా తలుపు దాకా వచ్చేది నువ్వొక్కదానివే. ఇంక ఎవలకియ్యాలె చెప్పు."

ఆ మాట నేను ఊహించలేదు. ఇన్నాళ్లూ నన్నేదో చిన్నచూపు చూసిందని కదా నా కోపం. ఆమె అసలు నన్ను చూసిందే లేదు. ఒకప్పుడు ఇంటి ముందుకు పదిమంది వచ్చేవారు, ఇచ్చేవాటిలో ఎవరి వాటా వాళ్లకు ఉండేది. ఇప్పుడు గేట్లు పెట్టుకున్నారు. లోపలికి వచ్చేది అన్నం మోసే మేమే. అందరికీ ఇవ్వాల్సినవన్నీ మా నెత్తినే పడుతున్నాయి.

"ఆపా, నేను చేసే పనేంది?"

"రొట్టె తెస్తవ్."

"తెచ్చుడు, చేర్చుడు. గదే నా పని. నీ సద్కా నేను తీసుకోను. చేరుస్త. ఎవలకియ్యాల్నో చెప్పు, వాళ్ల చేతుల పెట్టొస్త. నాకు ఛార్జియ్యి."

"ఛార్జా?"

"ఛార్జే. రొట్టె తెస్తే ఇస్తలేవా?"

ఆమె కళ్లు చిన్నవి చేసింది. "నువ్వు ఇయ్యకుంట ఉంచుకుంటే?"

"వద్దన్నదాన్ని ఎట్ల ఉంచుకుంట ఆపా?"

"ఇప్పుడు వద్దంటవ్. గేటు దాటినంక ఎవలకెరుక."

నిజం చెబుతున్నాను, అప్పుడే ఆమె మీద నాకు గౌరవం కలిగింది. నేనైనా అదే అడిగేదాన్ని. లోపల మంచం కిర్రుమంది. ఇన్నాళ్లలో నేనెన్నడూ గొంతు వినని పెద్దమనిషి పలికాడు.

"బేగం, నువ్వు కూడ ఆమె బండెక్కి పో. మీ ఇద్దరి కొట్లాట ఇంకింత సేపు విన్ననంటే ఆపరేషన్‌కు ముందే పోత."

"మిమ్మల్ని ఒక్కర్ని ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె?"

"ఉప్పు లేని పప్పు తినుకుంట ఉంట. నన్నెవడెత్తుకపోతడు."

ఆపా బురఖా వేసుకొని వచ్చింది. మోపెడ్ వెనక పక్కకు కూర్చొని వాచిన చెయ్యని కూడా చూడకుండా నా భుజం గట్టిగా పట్టుకుంది. కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. చౌరస్తా దగ్గర మరిది ఎదురయ్యాడు, బండి ఆపి నోరు తెరిచాడు. "ఏం వదినె, కస్టమర్లను కూడ డెలివరీ చేస్తున్నవా?" ఆపా నా వెనక నవ్విందో దగ్గిందో తెలియలేదు.

ఆపా చెప్పిన దర్గా మెట్ల పక్క నీడలో ఆ ఫకీరు కూర్చొని ఉన్నాడు. ముసలాయన, పక్కన లోబాన్ పొగ వేసే చట్టి. ఆపా సలాం చెప్పగానే గొంతుతోనే గుర్తుపట్టాడు.

"ఎన్ని దినాలాయె తల్లీ. మీ కొత్త కాలనీకొస్తే గేటు కాన్నించే ఎల్లగొట్టిన్రు. మరి ఇన్నొద్దులు ఎవలకిచ్చినవ్?"

ఆపా నా వైపు చూసింది. అంతే, ఆయన చూపు నా మీదికి తిరిగింది. బండి చూశాడు, చేతి గడియారం చూశాడు, కాళ్ల చెప్పులు చూశాడు.

"గీమెకా? గీమెకు సద్కా ఏంది? బండున్నది, కష్టం చేసుకొని తింటది. నా వాటా ఈమె తిన్నదా?"

కోపం వచ్చింది, అదే గడియలో ఎక్కడో చల్లగా కూడా అనిపించింది. మొగుడు పోయినప్పటి నుంచి నన్ను చూసి అయ్యో పాపం అననివాడు ఆయనొక్కడే. "నాకు తెల్వక తీసుకున్న తాతా, తెలిసినంక తీసుకోలే" అన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. ఆపా ఇచ్చిన నోటును ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు, దొంగ నోటేమోనని. ఆ తర్వాతే జేబులో పెట్టుకొని, కళ్లు మూసుకొని చాలాసేపు దువా చేశాడు. ఆపా తల వంచుకొని నిలబడింది. నేను బండి దగ్గరే ఉన్నాను. నా పని చేర్చడం వరకే.

ఇంటి ముందు దిగాక ఆమె ముప్పై రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. డెలివరీ ఛార్జి అనేది నా సొంత చేతిలో పడింది నా ఉద్యోగంలో ఆ ఒక్కసారే.

మెస్సులో సేఠు మొదట అడిగింది, తీసుకున్నావా అని. జరిగింది చెప్పాను. కోపం చేస్తాడనుకున్నాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "మంచి ఉపాయమే అక్కా ఇది. ఆ కాలనీల ఇసొంటి ఇండ్లు శానా ఉంటయి. మనమే బిల్లుల ఏద్దాం. రొట్టెకొక ఛార్జి, సద్కాకొక ఛార్జి."

"ఏస్కో సేఠ్. అది కూడ నా జీతంలనే కలుపుతవ్ గదా. మోసేటోళ్లను మాత్రం వేరే చూస్కో."

సేఠు నా ముఖం చూసి గల్లా లెక్కలో పడ్డాడు. ఆర్డరు పోలేదు కాబట్టి నా పనీ పోలేదు.

బస్టాండు దగ్గర అడిగిన పిల్లా, నీకు నేను చెప్పేది ఇదే. ఛార్జి కట్టినవాళ్లు టిప్పు ఇవ్వకపోతే వాళ్లను తిట్టుకోకు. ఛార్జి నీకే చేరుతుందని వాళ్లు నిజంగానే అనుకుంటారు. అనుమానపడాలంటే బిల్లు వేసేవాడి మీద పడు. ఇచ్చినవాళ్లనైతే అడుగు, ఇది దేనికి అని. సిగ్గుపడకు. ఎండకా, వానకా, జాలికా, నవ్వుకా, రోగానికా. పేరు లేని నోటు జేబులో పెట్టుకుంటే ఇంటికొచ్చాక అది నిద్ర పోనివ్వదు. ఇచ్చేవాళ్లకు కూడా ఒక మాట: ఇస్తే దేనికో చెప్పి ఇవ్వండి. చెప్పడానికి నోరు రాకపోతే ఇవ్వకండి.

ఆపరేషన్ అయ్యాక చాలా రోజులకు వాళ్లు తిరిగి వచ్చారు. ఆర్డరు మళ్లీ వచ్చింది. ఆ రోజు మబ్బు పట్టి, నేను బయల్దేరేసరికి వాన మొదలైంది. క్యారియర్ మీద నా కొంగు కప్పుకొని, నేను తడిసి ముద్దయి వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాను. లోపల పెద్దమనిషి పప్పులో ఉప్పు వెయ్యమని మెస్సులో ఎవరినో ఫోన్‌లో బతిమాలుతున్నాడు. ఆపా బిల్లు ఇచ్చింది. దాని మీద ఒక నోటు పెట్టింది.

"ఏం పైసలాపా ఇవి?"

ఆమెకు చిరాకేసింది. "వానల వచ్చినవ్ గదా. గందుకు."

"ఉత్త వానకేనా?"

"వానకే."

లోపలికి తొంగి చూస్తే అది వాన నోటో, తల చుట్టూ తిప్పిన నోటో తెలిసిపోయేది. ఆమె ముఖం కాస్త సేపు చూస్తే తెలిసిపోయేది. అలా చూడటం నాకు అలవాటైన పనే. నోటు తీసుకొని తడవకుండా లోపలి జేబులో పెట్టుకున్నాను. "మంచిదాపా" అని బండి తిప్పుకున్నాను.